అచ్చయ్య తాత తిథి

2018 సెప్టెంబరు 27, గురువారం

నా దస్తూరీ కోడి గెలికినట్టుంటుంది. ఏడో తరగతితో బడి మాన్పించేశారు. ఆ తర్వాత పాల లెక్క తప్ప ఏమీ రాయలేదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సరస్వతీదేవి క్షమించాలి. ఎప్పుడైనా వెనక్కి తిప్పి చదువుకుంటే నన్ను నేనూ క్షమించుకోవాలి. ఈ పుస్తకం మా ఆడపడుచు ఉమారాణిది. నర్సింగు చదువు అయిపోయిందని పాత పేపర్లలో పడేసింది. ముందు సగం ఆమె గీసిన ఎముకల బొమ్మలు, వెనక సగం ఖాళీ. నేను వెనక నుంచి మొదలుపెట్టాను.

నేను పైకి పెద్దగా మాట్లాడను. పెళ్ళై హిందీ మాట్లాడే ఈ బీర్‌గావ్ వచ్చి రెండేళ్ళు దాటినా మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. రాస్తే ఆగదేమోనని చూస్తున్నాను.

పితృపక్షం నడుస్తోంది. పక్కింటి చాందిని గడప ముందు ముగ్గు పెట్టి, బీరపూలు పరిచి, మినప బరాలు, అంటే మన గారెలే, వండి కాకులకు వేసింది. మాకూ నాలుగు పంపింది. మావయ్య గుండెకు స్టెంటు వేయించుకొచ్చి నెల కాలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని ఆ కాకుల్నే చూస్తున్నారు. టీ ఇస్తే అందుకోలేదు.

"మన గోడ మీద ఒక్క కాకి కూడా వాలదు, చూసినావామ్మా? ఈ ఇంట్లో ఏటీ పెట్టరని వాటికి తెలిసిపోయింది."

మావయ్య తండ్రి అచ్చయ్య తాత నేవీలో పనిచేశారు. మావయ్యకు తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. పోయారని కబురు లేదు, ఉన్నారని కబురు లేదు. పన్నెండేళ్ళు కనబడకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేయొచ్చని అప్పట్లో పంతులుగారు చెప్పారట. మామ్మ ఆ దర్భలు పట్టుకెళ్ళి వీధిలో ఆవుకు వేసిందట. మామ్మ అంటే మావయ్య తల్లి, బంగారమ్మ. ఎనభైకి దగ్గర పడింది. నుదుట ఇప్పటికీ రూపాయి బిళ్ళంత బొట్టు.

తల్లి నుదుట బొట్టు ఉండగా తండ్రికి పిండం ఎలా పెడతారు?

"తండ్రికి ఒక్క ముద్ద పెట్టకుండానే నేనూ పోతానేమో" అన్నారు మావయ్య. టీ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి ఇచ్చాను. నాకు అంతకంటే ఏం చేతనవును.

సెప్టెంబరు 30

సాయంత్రం మామ్మ నాకు తల దువ్వింది. రోజూ ఆవిడే దువ్వుతుంది. ఆవిడ పుట్టిల్లు మా ఊరికి రెండూళ్ళ అవతల. ఇద్దరం సముద్రం పక్కన పుట్టినవాళ్ళం. ఇక్కడ గాలికి ఉప్పు వాసన ఉండదు. పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల మసి, ఆరేసిన చీర మీద నల్లగా పడుతుంది. చీర దులిపినప్పుడల్లా మామ్మకు తాత బట్టలు గుర్తొస్తాయి.

"తెల్ల బట్టలే సాయీ. తెల్ల టోపీ. సెలవలకొచ్చీ దినం కుక్కలు కూడా ఆడ్ని గుర్తుపట్టీవి కావు, మొరిగీవి. ఆ పేంట్లు పాదాల కాడ ఎంత ఎడల్పనుకున్నావు? ఉతికి తీగ మీద ఆరేస్తే గాలికి ఉబ్బి, ఇద్దరు మనుసులు తలకాయల్లేకుండా ఎగురుతున్నట్టుండీది. సిన్నపిల్లలు బయపడి ఏడిసీవోల్లు."

ఓడ మీద ఫిరంగి పేల్చే పని అట. పేలిస్తే చెవుల్లో నెలరోజులు గంటలు మోగేవట. తలకాయల్లేని పేంట్లు తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. నాకు మా ఊరి వలలు, ఇసుకలో ఆరబెట్టిన మెత్తళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. రాత్రికి అన్నం ఎక్కువ తిన్నాను.

అక్టోబరు 2

ఎవరో భిలాయి నుంచి కారులో వచ్చి మామ్మను అడిగి వెళ్ళారు. పక్షాలు వెళ్ళాక కూతురి పెళ్ళికి పసుపు కొట్టాలట, ముహూర్తం ఇంకా నెల ఉంది కానీ మామ్మ ఏ రోజు వస్తుందో ముందే అడిగిపెట్టుకోవాలి. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎవరింట పెళ్ళైనా రోకలికి కంకణం కట్టి మొదటి పోటు మామ్మ వేస్తుంది. పెళ్ళికూతురికి మొదటి పసుపు మామ్మ రాస్తుంది. మా పెళ్ళికి రైల్లో మా ఊరు వచ్చి నాకూ రాసింది. ఆ చేయి చల్లన అంటారు.

అక్టోబరు 9

నిన్న మహాలయ అమావాస్య. మావయ్య నది దగ్గర మహాదేవ్ ఘాట్‌కి వెళ్ళి తాతముత్తాతలకు నీళ్ళు వదిలి వచ్చారు. వాళ్ళ నాన్న పేరు మాత్రం చెప్పలేదు. వచ్చి పడుకున్నారు.

మా ఆయన నాగబాబు రోలింగ్ మిల్లు డ్యూటీ నుంచి వచ్చి, అది విని, ఫోన్లో ఏదో వెతికారు. "పప్పా, నేవీ వాళ్ళ దగ్గర అందరి రికార్డూ ఉంటుందట. మాజీ సైనికుల ఆఫీసు ఇక్కడే ఉంది. అక్కడ అడిగితే దాదాజీ ఏమయ్యారో పక్కా తెలుస్తుంది."

"ఎవరెళ్తారు?"

"నాకు ఛుట్టీ ఎక్కడిది? సాయి ఖాళీగానే ఉంటుంది కదా."

నేను ఖాళీగా ఉంటానట. మామ్మ వింటూ ఉల్లిపాయలు తరుగుతోంది. వద్దనలేదు, సరే అనలేదు.

అక్టోబరు 15

మావయ్యతో ఆ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ఒక రిటైరైన సూబేదారుగారు ఉన్నారు, చెవిలో వెంట్రుకలు, మంచి గొంతు. తాత పేరు, ఊరు, ఫిరంగి పని అని రాసుకున్నారు. సర్వీసు నంబరు ఉందా అన్నారు. లేదు. "ఊరు, పేరు చాలు, చూద్దాం బేటీ" అన్నారు. ఫోన్ నంబరు నాది ఇచ్చాం. నేను హిందీలో మూడు మాటలు మాట్లాడాను. మూడూ "జీ".

నవంబరు 12

నిన్న నాగుల చవితి. పుట్ట కోసం ధర్సీవా దాకా వెళ్ళాం. చలిమిడి మిగిలిపోయింది. ఇవాళ మామ్మ ఏమీ తినలేదు. కడుపు బాగోలేదంది.

డిసెంబరు 18

జవాబు వచ్చింది. ఫిరంగి దళంలో ఆ పేరుతో, ఆ ఊరితో ఎవరూ లేరు.

మావయ్య ముఖం చూడలేకపోయాను. మా ఆయన "ఐతే అబద్ధమా అంతా?" అన్నారు. ఉమారాణి ఆయన్ని గిచ్చింది. అప్పుడు మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు.

"పిరంగులోల్ల లెక్కల్లో ఆడెందుకుంటాడ్రా? ఆడు వంటోడు!"

మామ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఓడలో మూడొందల మందికి రొట్టెలు కాల్చీవోడు. మగోడు వంట సేత్తాడని తెలిస్తే ఊల్లో నవ్వరేటి? అందుకని పిరంగి అన్నాడు. నానూ పిరంగే అన్నాను. సెలవలకొచ్చినప్పుడు తలుపు గడియెట్టి ఆడే వండీవోడు. నాను పక్కన కూకుని గాజులు గలగల్లాడించీదాన్ని, బైటోల్లు నానే వండుతున్నాననుకోవాల గదా."

"నేను మిల్లులో అందరికీ మా దాదాజీ తోప్ చలాయించేవాడని చెప్పాను" అన్నారు మా ఆయన, ఏడుపు ముఖంతో.

"తోపు గాదు, అప్పడాలకర్ర అని సెప్పు" అంది మామ్మ.

మావయ్య మాత్రం నవ్వలేదు. వాళ్ళమ్మ వైపు తిరిగారు. "అమ్మా, చిన్నప్పుడు ఒక చేపల పులుసు తిన్నాను. నువ్వు ఎన్నిసార్లు వండినా ఆ రుచి రాలేదు. నీకు చెయ్యి తిరగలేదేమో అనుకున్నాను."

"అది మీ నాయన వండింది రా."

మావయ్య లేచి పెరట్లోకి వెళ్ళారు. కొళాయి తిప్పిన చప్పుడు వినబడింది. చాలాసేపు కట్టలేదు.

2019 జనవరి 20

బియ్యం పోసుకునే ట్రంకుపెట్టె తాతదేనట. రెండేళ్ళుగా రోజూ అందులోంచి బియ్యం తీస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. మూత మీద ఆకుపచ్చ రంగు. గీకితే నీలం. నీలం కింద తెల్లటి అంకెలు. కొబ్బరి కోరాంతో రెండు రోజులు గీకాను. చాందిని వచ్చి తొంగిచూసి "కా సాగ్ రాంధే హస్ బహినీ, ఇనప కూరా?" అని, ఏం కూర వండావు చెల్లీ అన్నట్టు, వెక్కిరించి పోయింది.

ఆ సర్వీసు నంబరు ఫోటో తీసి సూబేదారుగారికి పంపాను. వంటవాడు అని కూడా రాశాను. "శభాష్" అని జవాబు వచ్చింది. ఆ మాట మూడుసార్లు తెరిచి చూసుకున్నాను.

జనవరి 29

నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. మామ్మకు చెప్పకుండానే తెలిసిపోయింది. పుల్లటి మామిడికాయ ఎక్కడి నుంచో తెప్పించింది. ఈ నెలలో మామిడికాయ.

ఫిబ్రవరి 21

పోయింది. ఇది రెండోది.

మార్చి 2

ఆస్పత్రి నుంచి వచ్చాక మామ్మే వండుతోంది. నేను బియ్యం తీయడానికి వంగబోతే అరుస్తుంది.

మార్చి 26

రికార్డు వచ్చింది. 1955లో చేరారు. వంటవాడు. మూడు ఓడల పేర్లున్నాయి. నడవడి చాలా మంచిది. 1965లో విడుదల. మావయ్య "నడవడి చాలా మంచిది" అన్న మాట నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. చివర, విడుదల తర్వాత ఉండబోయే చిరునామా అని ఉంది. అందరూ తాత సొంతూరి పేరే ఉంటుందనుకున్నారు. పోర్ట్ బ్లెయిర్ అని ఉంది.

"అండమానా? అక్కడేం పని?" అన్నారు మావయ్య.

"పప్పు మాడతన్నాది" అని మామ్మ లేచి వెళ్ళింది. పొయ్యి మీద అప్పటికి ఏమీ లేదు.

సూబేదారుగారు పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుకు రాస్తానన్నారు.

ఏప్రిల్ 14

ఉమారాణికి భిలాయి సంబంధం కుదిరింది. పెళ్ళి జ్యేష్ఠంలో. పసుపు మామ్మే కొడుతుంది. అబ్బాయి తల్లి పెళ్ళికి కూడా మామ్మే కొట్టిందట. ఆవిడ మామ్మ చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మే 9

సూబేదారుగారు ఫోన్ చేశారు. మావయ్యను ఈ ఎండలో కదలనివ్వకూడదని నేనొక్కదాన్నే ఆటోలో వెళ్ళాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి కాగితం వచ్చింది. జెట్టీ దగ్గర చిన్న హోటలు నడిపేవారట. 1983లో పోయారు. తేదీ ఉంది. ఆ తేదీ ఇక్కడ రాయను.

"ఇంట్లో పెద్దవాళ్ళకు నెమ్మదిగా చెప్పు బేటీ" అన్నారు. నేను "జీ" అన్నాను.

ఇంక మావయ్య పిండం పెట్టుకోవచ్చు. తిథి కావాలి కదా, ఆటోలోనే ఫోన్లో పంచాంగం తీసి ఆ తేదీ కొట్టాను. కార్తీక శుద్ధ పంచమి అని వచ్చింది. అంటే నాగుల చవితి మర్నాడు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తీశాను. నవంబరు 12 పేజీ చూశాను.

అంతకు ముందు ఏడాదీ నాగుల చవితి మర్నాడు మామ్మ తినలేదు. అప్పుడు పంటినొప్పి అంది.

మామ్మకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

మావయ్య అడిగారు. "ఇంకా ఏమీ రాలేదు మావయ్యా" అన్నాను. మాట ఆగిపోయే నోటికి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

మే 11

మామ్మ బొట్టు తీయాల్సిన మనిషి. ముప్పై అయిదేళ్ళ కిందటే తీయాల్సిన మనిషి. ఆ చేత్తో ఎంతమందికి పసుపు రాసిందో. ఆ చేయే నాకు మొదటి పసుపు రాసింది. నాకు రెండు పోయాయి.

ఇలా ఆలోచించకూడదు. ఆలోచించడం లేదు.

మే 12

మామ్మ దువ్వెన పట్టుకుని పిలిచింది. తలనొప్పి అన్నాను.

మే 13

తలనొప్పి అన్నాను. రైల్వే క్వార్టర్లలో బిందుమాధవికీ మామ్మే రాసింది. ఆమెకు ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బొద్దుగా ఉంటారు. ఐతే ఆ చేతి వల్ల కాదు. నేను ఆలోచించడం లేదని చెప్పాను కదా.

మే 15

మావయ్యకు ఆయాసం. అరుగు మీద కూర్చోవడం కూడా మానేశారు. "ఆ కాగితం నేనుండగా వస్తుందంటావా?" అన్నారు. ఆ కాగితం ట్రంకుపెట్టెలో, బియ్యం అడుగున ఉంది. చెప్తే ఆయనకు మనసు కుదుటపడుతుంది. చెప్తే మామ్మ బొట్టు పోతుంది. నెల రోజుల్లో ఉమారాణి పెళ్ళి. ఆ అబ్బాయి తల్లి కళ్ళకద్దుకున్న చేయి అది.

చెప్పలేదు. మామ్మ మీద నాకేం కోపం లేదు. తలనొప్పి అన్నాను.

మే 19

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మామ్మ దువ్వెన తీసుకుని నా దగ్గరికే వచ్చి నేల మీద కూర్చుంది.

"తలనొప్పి నీకు కాదే, నాకు. ఏటి తెలిసినాది?"

కాగితం తీసి ఇచ్చాను. బియ్యపు పొడి అంటుకుంది. మామ్మకు చదువు రాదు. తుడిచి, నా వైపు తిప్పింది.

"ఏ దినమని రాసినారు?"

చెప్పాను. తిథి కూడా చెప్పాను.

"ఔను. గురునాథం సరిగ్గానే సెప్పినాడు."

గురునాథం వాళ్ళ ఊరివాడు, అండమాన్‌లో పనికి వెళ్ళినవాడు. తాత పోయాక ఊరు వచ్చాడు. మామ్మ అక్కడ లేదని తెలిసి రైలెక్కి ఇక్కడికి వచ్చాడు.

"ఆడొచ్చిన దినం పక్కింటి దుర్గారావు కూతురి పసుపు. మా వాకిట్లోనే. రోకలి నా సేతిలో ఉన్నాది. పెల్లికూతురికి మొదటి పసుపు రాసీసినాను అప్పటికే. గురునాథం గుమ్మం కాడ నిలబడి ఇలగ సైగ సేసినాడు. పక్కకెల్లినాను. సెప్పినాడు. ఏటి సెయ్యాల? రోకలి దించీసి ఏడిస్తే ఆ పెల్లి ఆగిపోద్ది. ఆ పిల్ల ముకం మీద పసుపింకా తడిగా ఉంది. ఎల్లి మల్లీ దంచినాను. గురునాథానికి అన్నమెట్టి, నోరు కట్టుకోమన్నాను. మంచోడు, కట్టుకున్నాడు."

"తరవాతైనా..."

"తరవాత ఇంకో పెల్లి. ఆ తరవాత ఇంకోటి. రోకలి ఎక్కడ దించాల సెప్పు? ఎవల పెల్లి కాడ దించాల? నాను దించినానంటే ఎనకటోల్లందరూ ఏలు మడిసి లెక్క సూసుకుంటారు, నా పెల్లికి అప్పటికి మొగుడున్నాడా నేడా అని."

తాత ఎందుకు రాలేదని అడిగాను. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదనుకుంటాను. మామ్మ దువ్వెన పక్కన పెట్టింది.

"రాకపోడమేటి? వచ్చినాడు. తీసుకెల్తానని వచ్చినాడు. పోర్ట్ బిలేరులో కొట్టెట్టినాను, నువ్వు గల్లాపెట్టి కాడ కూకో, నాను వండుతాను, అక్కడ మగోడు వండితే ఎవలూ నవ్వరు అన్నాడు. నాకు ఓడంటే బయం. మూడు దినాలు నీల్లే అంట సుట్టూరా. ఎక్కను అన్నాను. ఆడు ఎదురు సూసి ఎల్లిపోనాడు. మా అన్న ఇక్కడ రైల్వేలో ఉండీవోడు, పిల్లోడ్ని తీసుకుని రైలెక్కీసినాను. ఆడు నీల్ల మీదికి రమ్మన్నాడు, నాను పట్టాల మీదికొచ్చినాను. అంతే. ఎవలూ ఎవల్నీ వదల్నేదు."

"అక్కడ ఇంకెవరైనా..."

"ఉండీదట ఒకర్తి, రాంచీ మనిసి. గురునాథం సెప్పినాడు. ఉంటే ఉన్నాది. వంట మాత్రం ఆడే సేసీవోడట."

ఆ మాట అనేటప్పుడు మామ్మ ముఖంలో ఏదో గర్వం. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. "మామ్మా, మరి నా..." అన్నాను. అక్కడే ఆగిపోయింది మాట.

"నా సెయ్యి వల్ల పోనాయేమో అనుకుంటన్నావు."

నేను కాదనలేదు.

"నాకూ అనిపించినాది. నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్నాల్లూ అదే అనిపించినాది."

ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. అంతమంది పిల్లలు బాగున్నారు కదా అని కూడా అనలేదు. చేయి ఒళ్ళో పెట్టుకుని, తనది కానట్టు దాన్నే చూస్తూ కూర్చుంది. వేళ్ళ సందుల్లో పసుపు ఎప్పటికీ పోదు ఆవిడకు.

నేను జరిగి ఆవిడ ముందు కూర్చుని జడ విప్పుకున్నాను. చాలాసేపు దువ్వింది. చిక్కులు ఎక్కువైపోయాయని తిట్టింది.

"మీ మావయ్యకి సెప్తావా?" అంది చివర్లో.

"నీ ఇష్టం మామ్మా."

"నా ఇట్టం కాదే. కాగితం నీ సేతిలో ఉన్నాది."

జూన్ 12

పసుపు కొట్టారు ఉమారాణికి. బీర్‌గావ్, రైల్వే క్వార్టర్లు, అందరూ వచ్చారు. రోలు కడిగి, బొట్లు పెట్టి, రోకలికి కంకణం కట్టారు. అందరూ మామ్మ కోసం చూస్తున్నారు. మామ్మ వచ్చి రోకలి తీసుకుని, నా చేతిలో పెట్టింది.

"నాకు బుజం నేవడం లేదు. నువ్వు కొట్టు."

క్వార్టర్ల అన్నమ్మ పిన్ని మెల్లగా అంది, మెల్లగా అన్నా అందరికీ వినబడేలా. "పిల్లలున్న చెయ్యైతే మంచిది కదా బంగారమ్మప్పా. ఈ పిల్లకి ఇంకా..."

రోకలి తిరిగి ఇచ్చేయబోయాను. మామ్మ తీసుకోలేదు.

"ఏటే అన్నమ్మా, మీ ఇద్దరు కూతుర్లకీ పసుపు రాసింది ఎవలు?"

"నువ్వే కదప్పా."

"బాగున్నారా?"

"నీ చల్లని చెయ్యి, బంగారంలా ఉన్నారు."

"ఆ సెయ్యే ఈ రోకలి తీసి ఇస్తన్నాది. నమ్ముతావా, మానుతావా?"

ఉమారాణి పీట మీద నుంచే అరిచింది. "పిన్నీ, వదిన కొట్టకపోతే గోల్‌బజార్లో ప్యాకెట్ పసుపు దొరుకుద్ది, తెప్పించేనా? ఫ్రీగా దువ్వెన కూడా ఇస్తారు." ఆడవాళ్ళు నవ్వారు. అన్నమ్మ పిన్ని కూడా నవ్వాల్సి వచ్చింది.

నేను కొట్టాను. మొదటి పోటు రోలు అంచుకు తగిలి కొమ్ములు ఎగిరిపడ్డాయి. రెండోది సరిగ్గా పడింది. ఉమారాణి చెంపలకు రాసేటప్పుడు మామ్మ వెనక నిలబడింది. చేయి వేయలేదు. పసుపు దగ్గరికి మళ్ళీ రాలేదు.

మామ్మ రోకలి దించింది. అది నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

జూలై 3

పెళ్ళైన నెలలోపు చావు మాట ఎత్తకూడదు. అందుకే మావయ్యకు చెప్పలేదు.

ఆగస్టు 8

శ్రావణం. ఉమారాణి మొదటి వరలక్ష్మీ వ్రతం రేపు. ఇప్పుడెలా చెప్తాను.

ఆగస్టు 30

చెప్పలేదు. మావయ్య మళ్ళీ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చారు. నా చేతి టీ తాగుతూ "నీకు శ్రమ ఇచ్చానమ్మా, ఆఫీసుల చుట్టూ తిప్పాను" అన్నారు. వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. మామ్మ చూసింది.

సెప్టెంబరు 27

రేపు మహాలయ అమావాస్య. మావయ్య ఘాట్‌కి వెళ్తానంటున్నారు. ఓపిక లేదు, నేను తోడు వెళ్తాను. "నానూ వత్తాను" అంది మామ్మ. ఆవిడ ఇంతవరకు ఒక్క ఏడాదీ వెళ్ళలేదు.

సెప్టెంబరు 28, శనివారం

ఖారూన్ నది నిండుగా ఉంది. మెట్ల మీద జనం. చిన్న గొడుగు కింద కూర్చున్న పండా, అంటే ఘాట్ పురోహితుడు, ఒకాయన దొరికాడు. మావయ్యను మెట్టు మీద కూర్చోబెట్టాను. బియ్యప్పిండి, నువ్వులు కలిపి ఇచ్చారు. పండా పేర్లు అడిగాడు. మావయ్య తన తాత పేరు చెప్పారు, ముత్తాత పేరు చెప్పారు. ఆగారు. ఏటా అక్కడే ఆగుతారట.

"మీ నాయన పేరు కూడా సెప్పు" అంది మామ్మ.

మావయ్య చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. తలెత్తి వాళ్ళమ్మ ముఖం చూశారు. పొద్దున్నే పెట్టుకున్న బొట్టు, పెద్దది.

"అమ్మా, మరి..."

"ఇది ఆడెట్టింది. ఉంటాది. నువ్వు సెయ్యాల్సింది నువ్వు సెయ్యి."

పండాకు ఏమీ అర్థం కాలేదు. ఎప్పుడు పోయారు, తిథి ఏది అని హిందీలో అడిగాడు. మావయ్య మామ్మను చూడలేదు, నన్ను చూశారు. నేను నది వైపు చూశాను. నాలుక మీద ఆ తిథి ఉంది. నోరు తెరిస్తే బయటికి వచ్చేది.

మామ్మే చెప్పింది, ఆవిడ హిందీలో. "పతా నహీ మహరాజ్. పానీవాలా ఆద్మీ థా."

తెలియదు, నీళ్ళ మనిషి అని. పండా తలూపాడు. ఈ అమావాస్య తిథి తెలియనివాళ్ళదే, పేరు చెప్పండి చాలు అన్నాడు.

"అచ్చయ్య" అన్నారు మావయ్య. మళ్ళీ అన్నారు, పండా అడగకపోయినా. "మా నాన్న, అచ్చయ్య."

పిండం గుండ్రంగా రాలేదు. మామ్మ వంగి చూసింది. "ఉప్పూ కారం లేని ముద్ద. వంటోడు ఒప్పుకుంటాడో నేదో" అంది. మావయ్య ఏడుస్తూ నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. నీళ్ళలో వదిలేటప్పుడు మామ్మ మెట్లు దిగి చీలమండల దాకా నదిలో నిలబడింది. నేను చేయి పట్టుకోబోయాను. వద్దంది.

ఆటోలో వస్తుంటే మావయ్య అడిగారు. "ఆ పోర్ట్ బ్లెయిర్ కాగితం ఇంక రాదంటావా అమ్మా?"

"రాదు మావయ్యా."

"పోన్లే. వచ్చినా నాకు చూపించకు. నేను పెట్టవలసింది పెట్టేశాను."

మామ్మ మా ఇద్దరి మధ్య కూర్చుని నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు. చేయి నా మోకాలి మీదే ఉంది.

ఇంటికి రాగానే ఆ కాగితాన్ని పొయ్యి మీద కాల్చి బూడిద తులసి కోటలో కలిపాను. ఈ పుస్తకం కాల్చలేకపోయాను. నేను ఇంత ఎప్పుడూ రాయలేదు. తేదీ రాయకుండా జాగ్రత్తపడ్డాను కానీ తిథి రాసేశాను, మిగతాదంతా రాసేశాను. రేపు నేనే కాలుస్తాను. రేపు కాకపోతే ఎల్లుండి.

కాల్చకముందే నాకేమైనా అయి ఇది ఎవరి చేతిలోనైనా పడితే, తప్పుల రాతను చూసి నవ్వుకోండి, నిప్పు మాత్రం పెట్టేయండి. మామ్మ చేతి పసుపుతో పెళ్ళైన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, భిలాయిలో ఉన్నారు, నాగపూర్‌లో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా పాత పెళ్ళి ఫోటో బయటికి తీసి, నేను మే నెలంతా కూర్చున్నట్టు కూర్చోకూడదు. చదవకముందే కాల్చండి. చదివేసి ఉంటే ఇంకా త్వరగా కాల్చండి.